ఒక నంబరు రెండు ఫోన్లు, రెండు నంబర్లు ఒక ఫోను

పడమటి చిత్తూరు కలకడలో టమాటా బాక్సులు ఎక్కించుకుని పీలేరు రోడ్డు పట్టే పికప్ డ్రైవర్ దగ్గర సాధారణంగా ఒకే ఫోను ఉంటుంది, అందులో రెండు సిమ్‌లుంటాయి. ఒక నంబరు ఇంటికీ ఊరికీ తెలిసింది. రెండోది మండీవాళ్లకు, పక్క రాష్ట్రాల వ్యాపారులకు ఇచ్చింది. ఇదే రోజుల్లో జర్మనీలో కొత్త బీఎండబ్ల్యూ ఐఎక్స్ కొన్న మనిషికి కావాలంటే రెండు ఫోన్లుంటాయి. ఒకటి చేతిలో, ఇంకొకటి కారు ఒంట్లోనే. రెండింటికీ నంబరు ఒకటే. ఎవరు పిలిచినా రెండూ మోగుతాయి. చేతిఫోను ఇంట్లో మరిచిపోయి బయల్దేరినా కారు పలుకుతుంది.

వాళ్లది ఒక నంబరు, రెండు పరికరాలు. మనది రెండు నంబర్లు, ఒక పరికరం. పైకి ఇది ఉన్నవాళ్ల వైభోగానికీ లేనివాళ్ల సర్దుబాటుకీ మధ్య తేడాలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే రెండింటి వెనకా గట్టి ఆలోచనే ఉంది. అక్కడ మనిషి ఎక్కడున్నా పిలుపు అందాలన్నది సమస్య. ఇక్కడ ఆ పిలుపు ఖర్చు తగ్గాలన్నది సమస్య. సమస్యలు వేరు కాబట్టి జవాబులూ తలకిందులుగా వచ్చాయి.

ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఇది: మన పద్ధతిని పుట్టించిన కారణాలు చాలావరకు పోయాయి. వాళ్ల పద్ధతి మనకు అవసరమయ్యే కారణాలు వచ్చేశాయి. అయితే దాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే మన ఇళ్లకూ మన వ్యాపారాలకూ నష్టం. మాట పంచుకోవచ్చు, మనిషిని గుర్తించే ముద్ర పంచుకోకూడదు. నంబరులో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసిన పద్ధతే మంచి పద్ధతి అన్న కొలతతోనే ఇక్కడ రెండింటినీ తూచుతున్నాను.

బండిలో పుట్టి చేతికి వచ్చిన ఫోను

మొబైల్ ఫోను ముందు బండిలో పుట్టింది, చేతిలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బెల్ సంస్థ కార్లలో టెలిఫోను సర్వీసు మొదలుపెట్టింది. ఆ రేడియో పెట్టెలు జేబులో పట్టేవి కావు, వాటికి కరెంటు బండి బ్యాటరీ నుంచే అందాలి. 1983లో షికాగోలో సెల్యులార్ సర్వీసు మొదలైన నాటికి చేతిఫోను తయారైంది గానీ, బలంలో అది కారుఫోనుకు సాటి రాలేదు. అమెరికా అనలాగ్ పద్ధతిలో కారుఫోను 3 వాట్లతో ప్రసారం చేస్తే చేతిఫోను 0.6 వాట్లతో చేసేది. 1991లో యూరప్‌లో మొదలైన జీఎస్ఎం అనే డిజిటల్ పద్ధతిలో కూడా బండికి బిగించే ఫోనుకు 8 వాట్ల దాకా ఇచ్చి, చేతిఫోనును 2 వాట్ల దగ్గర ఆపారు. టవర్ దూరంగా ఉన్న రోడ్డు మీద కారుఫోనే దిక్కు. కారు దిగాక చేతిఫోనే దిక్కు. రెండూ కొనుక్కున్నవాళ్లకు రెండు నంబర్లు, రెండు బిల్లులు. పిలిచేవాళ్లకేమో ఏ నంబరుకు చేయాలో తెలియదు.

ఈ చిక్కును అమెరికాలో కొందరు అడ్డదారిన విప్పారు. అనలాగ్ ఫోన్లలో నంబరూ, పరికరం సీరియల్ నంబరూ ఏ మరుగూ లేకుండా గాలిలో వెళ్లేవి. ఒక ఫోను గుర్తింపును ఇంకో ఫోనులోకి దించేస్తే రెండూ ఒకే నంబరుకు పలికేవి. దీన్ని ఎక్స్‌టెన్షన్ ఫోను అన్న పేరుతో అమ్మినవాళ్లున్నారు. ఇదే కిటుకుతో ఇతరుల నంబర్లు కాజేసి వేల డాలర్ల బిల్లులు వాళ్ల నెత్తిన పడేసినవాళ్లూ ఉన్నారు. సొంత నంబరును సొంత కారుఫోనుకు దించుకున్నవాడికీ, పక్కవాడి నంబరు దొంగిలించినవాడికీ నెట్‌వర్క్ దృష్టిలో తేడా లేదు. అందుకే 1990ల మధ్యలో అమెరికా సమాచార కమిషన్ సీరియల్ నంబర్లు మార్చడాన్ని నిషేధించింది. 1998లో చట్టం ఇంకా బిగిసింది. నంబరు పంచుకోవడమంటే గుర్తింపుకు నకలు తీయడం అనుకున్నంత కాలం, సుఖమూ దొంగతనమూ ఒకే తలుపు గుండా వస్తాయని ఆ అనుభవం తేల్చింది.

జీఎస్ఎం తయారుచేసినవాళ్లు ఇంకో దారి తొక్కారు. గుర్తింపును పరికరం నుంచి ఊడదీసి ఒక కార్డులో పెట్టారు. తొలి సిమ్‌లు ఏటీఎం కార్డంత ఉండేవి. కారుఫోనులోంచి తీసి చేతిఫోనులో, అందులోంచి తీసి మళ్లీ కారుఫోనులో పెట్టుకోవచ్చు. నకలు అక్కర్లేదు, కార్డు ఎక్కడుంటే నంబరు అక్కడ. కానీ కార్డు కారులో మరిచిపోతే చేతిలో ఉన్నది ఉట్టి డబ్బా. సిమ్ చిన్నదై గోరంత అయ్యాక రోజూ పీకి పెట్టడం ఎవరి వల్లా కాలేదు.

అప్పుడు జర్మనీలోని కంపెనీలు ఒకే నంబరుకు రెండు, మూడు సిమ్‌లు ఇవ్వడం మొదలుపెట్టాయి. డాయిష్ టెలికామ్‌లో మల్టీసిమ్, వొడాఫోన్‌లో అల్ట్రాకార్డ్, ఓటూలో మల్టీకార్డ్ ఇలాంటివే. ఇక్కడ ప్రతి సిమ్‌కూ తన గుర్తింపు, తన రహస్య తాళం వేరుగా ఉంటాయి. ఈ సిమ్‌లన్నీ ఫలానా నంబరువి అని నెట్‌వర్క్ తన పద్దులో రాసుకుంటుంది. కాల్ వస్తే అన్నిటినీ మోగిస్తుంది. ఒక సిమ్ పోతే దాన్ని మాత్రం కొట్టేస్తే సరి, నంబరుకు ఏమీ కాదు. ఎస్సెమ్మెస్ మాత్రం ఏదో ఒక కార్డుకే వెళ్తుంది. అది ఏ కార్డో వినియోగదారుడే ఎంచుకోవాలి. చిన్నదిగా కనిపించే ఈ ఏర్పాటు మనకు ఎంత విలువైనదో ముందుముందు తెలుస్తుంది.

వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ నచ్చింది బ్లూటూత్ సిమ్ యాక్సెస్ అనే పద్ధతి. 2000ల్లో నోకియా కారుఫోన్లలో, ఫోక్స్‌వ్యాగన్, ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కార్లలో ఇది వచ్చింది. మనిషి కారెక్కగానే జేబులోని ఫోను తన రేడియోను ఆపేసుకుంటుంది. కారులోని ఫోను బ్లూటూత్ ద్వారా ఆ సిమ్‌ను అడిగి, ఆ గుర్తింపుతోనే నెట్‌వర్క్‌లో చేరుతుంది. మాట కారు పైకప్పు మీది యాంటెన్నా నుంచి వెళ్తుంది. సిమ్ మాత్రం యజమాని జేబు దాటదు. కారు దిగగానే కారుకు ఆ నంబరుతో ఏ సంబంధమూ ఉండదు. గుర్తింపు మనిషిది, బలం బండిది. ఇంత శుభ్రంగా రెంటినీ విడదీసిన పద్ధతి ముందూ లేదు, తర్వాతా రాలేదు. అయినా బతకలేదు. ఐఫోను దాన్ని ఒప్పుకోలేదు, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చాలావాటికి చేతకాలేదు. పైగా ఆ సమయంలో జేబులోని ఫోనుకు ఇంటర్నెట్ ఆగిపోయేది. వాట్సాప్, మ్యాపులు రోజూ కావలసిన కాలంలో జనం దాన్ని భరించలేదు.

మన దారి వేరుగా ఎందుకు పడింది

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. పిలిచినవాడికే కాక ఎత్తినవాడికీ బిల్లు పడే రోజులవి. వచ్చే కాల్ ఉచితం కావడానికి 2003 మే దాకా ఆగాల్సి వచ్చింది. బీఎస్ఎన్ఎల్ మొబైల్ సర్వీసు మొదలుపెట్టింది 2002 అక్టోబరులో. అంటే పడమటి చిత్తూరు పల్లెల్లో సామాన్యుడి చేతికి సెల్లు వచ్చేనాటికి, ప్రపంచంలో కారుఫోను కాలం దాదాపు అయిపోయింది. బండికీ చేతికీ నంబరు ఎలా పంచాలన్న ప్రశ్న మన ఊళ్లలో ఎవరికీ ఎదురు కాలేదు.

మనకు ఎదురైన ప్రశ్న సరిహద్దు. టెలికాం కోసం దేశాన్ని సర్కిళ్లుగా కోశారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ తెగిపోయే చోట కుప్పం ఉంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. అప్పట్లో సర్కిల్ దాటితే రోమింగ్. అంటే వచ్చే కాల్‌కూ డబ్బులు కట్టాలి. పొలిమేర పల్లెల్లో ఇంట్లో కూచున్నవాడి ఫోనుకూ పక్క రాష్ట్రపు టవర్ తగులుకుంటే ఇదే బాధ. పుంగనూరు నుంచి ముళబాగిలు వైపు, మదనపల్లె నుంచి చింతామణి వైపు, కుప్పం నుంచి కృష్ణగిరి వైపు వారంలో సగం రోజులు తిరిగే వ్యాపారికి ఆంధ్రా సిమ్ ఒకటి, పక్క రాష్ట్రపు సిమ్ ఒకటి తప్పనిసరి అయ్యాయి. సిమ్ చవక, ఫోను ఖరీదు. అందుకే ఒకే ఫోనులో రెండు సిమ్‌లు పట్టాలి. ఈ అవసరాన్ని ముందు కనిపెట్టినవి మైక్రోమ్యాక్స్, కార్బన్ లాంటి దేశీ కంపెనీలు. మార్కెట్‌ను ఏలుతున్న నోకియా 2010 దాకా రెండు సిమ్‌ల ఫోన్లతో ఈ దారికి రాలేదు.

ఈ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. జీవితంలోని రెండు ముఖాల్ని ఇది విడిగా ఉంచుతుంది. రాత్రి తొమ్మిదింటికి మండీ నంబరు ఆపేసి, ఇంటి నంబరు ఉంచుకోవచ్చు. అప్పులవాడి ఫోనూ, కూతురి ఫోనూ వేర్వేరు గంటలతో మోగుతాయి. ఒక నంబరు, రెండు పరికరాలు అన్న పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఏ పిలుపైనా మనిషి ఉన్న చోటికల్లా వెంటపడుతుంది.

టవర్ దగ్గర తూకం

రెండింటినీ మొదట తూచాల్సింది రోడ్డు మీదే. కడప నుంచి రాయచోటి మీదుగా కలకడకు వచ్చే దారి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగుతుంది. పలమనేరు నుంచి చిత్తూరు పోయే దారిలో మొగిలి ఘాట్ ఉంది. కొండ మలుపులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎక్కువమంది బండ్లలో ఉన్నది బ్లూటూత్. స్టీరింగ్ మీద మీట నొక్కగానే కారు స్పీకర్లలో మాట వినిపిస్తుంటే కారే ఫోను అయిందనిపిస్తుంది. నిజానికి బ్లూటూత్ బండి మైకునూ స్పీకర్లనూ మాత్రమే వాడుకుంటుంది. టవర్‌తో మాట్లాడేది అప్పటికీ డ్రైవర్ జేబులోనో, గేరు పక్క గుంటలోనో ఉన్న ఫోనే. నాలుగు వైపులా ఇనుము. తీరా పైకప్పు మీద యాంటెన్నా ఉన్నా అది ఈ ఫోనుకు పనికిరాదు.

"యాడుండావు నాయనా?" అని ఇంటి నుంచి తల్లి అడుగుతుంది. "గువ్వలచెరువు కాడ..." అనేలోపు మాట తెగిపోతుంది. తల్లికి వినిపించిన చివరి మాట ఘాట్ పేరు. ఆ తర్వాత పావుగంట సేపు ఆమె గుండె ఎలా కొట్టుకుంటుందో ఈ రోడ్డు మీద ప్రమాదాల కబుర్లు విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. వ్యాపారంలోనూ ఇదే. 2023 జులై చివర మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో రూ. 200 దాకా ఎగబాకిన రోజుల్లో బండి ఏ మండీకి తిప్పాలన్న నిర్ణయం ఫోన్ల మీదే జరిగింది. "అనా, ఈడ రేటు పడిపోయింది, అటే పో" అన్న ఒక్క మాట టవర్ లేక చేరకపోతే రైతు కష్టానికి గండి పడుతుంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పాత కారుఫోనుకున్న వాట్ల ఆధిక్యం ఇప్పుడు లేదు. 4జీలో చేతిఫోనైనా కారులోని రేడియో అయినా సాధారణంగా 0.2 వాట్లతోనే ప్రసారం చేస్తాయి. మిగిలిన లాభం యాంటెన్నా ఇనుప గదికి బయట, ఎత్తు మీద ఉండటం. అసలు టవరే లేని చోట అది కూడా ఏమీ చేయలేదు. సన్నని సిగ్నల్ ఉన్న చోట మాత్రం మాట తెగడానికీ నిలవడానికీ మధ్య తేడా ఆ యాంటెన్నాయే. ఘాట్ రోడ్లు, అడవి అంచు పల్లెలు ఉన్న మన ప్రాంతానికి ఈ లాభం బెర్లిన్ వీధుల్లో కంటే ఎక్కువ అవసరం. ఈ తూకంలో మొగ్గు స్పష్టంగా ఒక నంబరు, రెండు పరికరాల వైపే.

ఖర్చు దగ్గర తూకం

రెండు నంబర్ల పద్ధతికి ప్రాణం ఖర్చు ఆదా. ఆ ప్రాణం సన్నగిల్లింది. 2011 జనవరి నుంచి నంబరు మారకుండా కంపెనీ మారే వీలు దేశమంతా వచ్చింది. 2015 జులై నుంచి సర్కిల్ మారినా అదే నంబరు ఉంచుకోవచ్చు. 2016లో జియో వచ్చాక, ఏడాది తిరక్కుండానే దేశంలో రోమింగ్ చార్జీలు దాదాపు మాయమయ్యాయి. కుప్పం మనిషి కృష్ణగిరిలో ఫోను ఎత్తితే ఇప్పుడు అదనంగా ఏమీ పడదు. పైపెచ్చు 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ ధరలు పెంచాక, రెండో సిమ్‌ను బతికించుకోవడమే ఒక ఖర్చు అయింది. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే రీఛార్జి ఉండాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాల్సి రావడానికి రెండు సిమ్‌ల వాళ్ల అవస్థ కూడా ఒక కారణం.

అదే సమయంలో నంబరు విలువ మారింది. 2016లో యూపీఐ వచ్చింది. బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాసు, రైతుకు వచ్చే సర్కారు సొమ్ము కబురు, పిల్లల బడి సందేశం, అన్నీ ఒక నంబరుకే కట్టారు. యూపీఐ యాప్ మొదట చేసే పని, ఆ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి ఈ మనిషి ఈయనే అని బ్యాంకుకు చెప్పడం. చేవ్రాలు, వేలిముద్ర చేసే పని ఇప్పుడు నంబరు చేస్తోంది. రెండు నంబర్లున్నా ముద్ర ఒక నంబరుదే. రెండోది ఉత్త పిలుపు. మన పద్ధతి తనకు తెలియకుండానే ముద్రను ఒక నంబరులో, మాటను ఇంకో నంబరులో పెట్టింది. జర్మన్ ఇంజినీర్లు ఎస్సెమ్మెస్‌ను ఒక కార్డుకు కట్టి సాధించినదీ ఇదే. రెండు దారుల్లోనూ మంచి అంతా ఈ చోటనే కలుస్తోంది.

ఇంటి దగ్గర తూకం

ఒక నంబరు, రెండు పరికరాల పద్ధతి ఒక మనిషికి ఒక కారు ఉన్న సమాజంలో పుట్టింది. మన బండి ఒక మనిషిది కాదు, ఇంటిది. తండ్రి పేరున కొంటారు, కొడుకు నడుపుతాడు, అల్లుడు వచ్చినప్పుడు తీసుకెళ్తాడు, పెళ్లిళ్ల సీజన్‌లో తెలిసినవాళ్లు అడిగి పట్టుకెళ్తారు. సరుకు బండి అయితే యజమాని ఊళ్లో, డ్రైవర్ రోడ్డు మీద.

తండ్రి నంబరు కారుకూ ఇచ్చారనుకోండి. ఆయన కలకడలో ఇంటి అరుగు మీద ఉన్నాడు. కారు కొడుకు చేతిలో తిరుపతి దారిలో ఉంది, వెనక సీట్లో వియ్యాలవారు. తండ్రికి బ్యాంకు నుంచి ఫోను వస్తే రెండు చోట్లా మోగుతుంది. కొడుకు అలవాటుగా స్టీరింగ్ మీట నొక్కాడు. బంగారం తాకట్టు గడువు దాటిందన్న మాట స్పీకర్లలో కారంతా వినిపిస్తుంది. ఎవరూ తప్పు చేయలేదు. మన కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాసిన పద్ధతి ఆ ఇంటి పరువు తీసింది. రెండు నంబర్ల పద్ధతిలో ఇలాంటిది జరగదు. బ్లూటూత్‌లోనూ తండ్రి ఫోను కారులో ఉంటేనే మోగుతుంది. సిమ్ యాక్సెస్ పద్ధతిలో అయితే తండ్రి కారులో లేకపోతే ఆయన నంబరూ కారులో ఉండదు. ఆ పద్ధతి పోవడం వల్ల మనకు జరిగిన నష్టం ఇక్కడ ఇంకా బాగా తెలుస్తుంది.

ముద్ర సంగతి ఇంతకంటే పెద్దది. మోసగాళ్లు ఫోను చేసి, స్టార్ 401 తో మొదలయ్యే కోడ్ నొక్కించి, అవతలివాళ్ల కాల్స్ తమకు మళ్లించుకున్న కేసులు పెరిగి పెరిగి, 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ కోడ్‌లతో కాల్ మళ్లించే సౌకర్యాన్నే టెలికాం శాఖ ఆపించింది. కాల్ మళ్లింపు కూడా నంబరు పంచుకోవడంలో ఒక రకమే, అన్నిటికంటే చవకైన రకం. ఓటీపీ వినిపించే కాల్ కూడా దాని వెంట వెళ్లిపోతుంది. ఈ గాయం తగిలిన దేశంలో కారుకు నంబరు పంచుతామని చెప్పేవాళ్లు ముందు ఓటీపీ సంగతి తేల్చాలి.

ప్రాణం దగ్గర తూకం

బండిలో ఫోను అనగానే భద్రత గురించి ఒక భ్రమ ఉంది. చేతిలో పట్టుకోకపోతే చాలు, ప్రమాదం లేదనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ 2019 సవరణ తర్వాత చేతిలో పట్టుకునే పరికరాల వాడకాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా పేర్కొంది. మొదటి తప్పుకు రూ. 1,000 నుంచి రూ. 5,000 దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. చట్టం చూసేది చేతిని. 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెడెల్‌మయర్, టిబ్షిరానీ ప్రచురించిన అధ్యయనం చూసింది మనసును. టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోను రికార్డులు పరిశీలించి, ఫోను మాట్లాడే సమయంలో ప్రమాదానికి అవకాశం దాదాపు నాలుగు రెట్లని తేల్చారు. చేతులు ఖాళీగా ఉంచే ఫోన్లు అంతకంటే సురక్షితమన్న ఆధారమూ వాళ్లకు దొరకలేదు.

కాబట్టి ఈ తూకంలో ఏ పద్ధతీ నెగ్గదు. రెండూ పిలుపును రోడ్డు మీదికి తెస్తాయి. అయితే నంబరు కారుకు తెలిస్తే ఒక మంచి పని సాధ్యమవుతుంది. బండి కదులుతోందని కారుకు తెలుసు. "ఇప్పుడు ఘాట్‌లో ఉన్నారు, దిగాక మాట్లాడతారు" అని కారే తల్లికి చెప్పగలదు. పావుగంట భయాన్ని పది సెకన్లలో తీర్చగలదు.

గడియారానికి ఇచ్చింది బండికి ఇవ్వలేదు

ఇప్పుడు మన కార్ల సంగతి. చేతిఫోన్లు మన పాత చిత్తూరు జిల్లాలోనే తయారయ్యాయి. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్‌లో బిగించిన షావోమీ ఫోనును 2015 ఆగస్టులో విశాఖలో విడుదల చేశారు. మనకు పడమర, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. సెల్టోస్‌లో ఇంటర్నెట్‌కు కట్టిన సౌకర్యాలున్నాయి. అదే ఏడాది వచ్చిన హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్‌లలో కూడా కారులోనే ఈసిమ్ (పరికరంలోనే ఇమిడిన సిమ్) బిగించారు. ఫోనూ, ఫోనున్న కారూ రెండూ మన చుట్టుపక్కలే తయారయ్యాయి. అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టవు.

కారణం సాంకేతికం కంటే నిబంధన. 2018లో టెలికాం శాఖ యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకునే సిమ్‌లకు 13 అంకెల నంబర్లు కేటాయించింది. ఆ సిమ్‌ల నుంచి మాట ముందే నిర్ణయించిన కొద్ది నంబర్లకే వెళ్తుంది. కారు ఎక్కడుందో చెప్పడానికి, ప్రమాదమైతే సహాయ కేంద్రానికి కాల్ చేయడానికి అది చాలు. మోసాలకు వాడకుండా ఆపడానికి ఆ కట్టడి అవసరమే. కానీ ఫలితం ఏమైంది? మంచి యాంటెన్నా, ఎప్పుడూ ఆరిపోని బ్యాటరీ ఉన్న రేడియో యజమానికి పనికిరాకుండా కూచుంది. యజమాని నంబరు మాత్రం జేబులో, ఇనుము మధ్య, ఆఖరి గీతతో తిప్పలు పడుతోంది.

అదే 2018 మేలో జియో, ఎయిర్‌టెల్ యాపిల్ గడియారానికి చేతిఫోను నంబరునే పంచి ఇచ్చాయి. ఒక నంబరు, రెండు పరికరాలు మన నెట్‌వర్క్‌లకు చేతకాని పని కాదని అక్కడే రుజువైంది. జర్మనీలో వొడాఫోన్, డాయిష్ టెలికామ్ బీఎండబ్ల్యూ కార్లకు వ్యక్తిగత ఈసిమ్ ఇచ్చాయి. అమెరికాలో టీ-మొబైల్ 2022లో అదే కంపెనీ కార్లకు ఇలాంటి పథకం తెచ్చింది. మణికట్టు మీది ఖరీదైన గడియారానికి అందిన సౌకర్యం, టమాటా రైతు బండికీ, అతని కొడుకు కారుకూ అందకపోవడం న్యాయం కాదు. గడియారం ఒక హంగు. ఘాట్ రోడ్డు మీద తెగని మాట ఒక అవసరం.

తీర్పు

రెండు పద్ధతుల్లో దేన్నీ పూర్తిగా ఎంచుకోలేం. రెండు నంబర్ల పద్ధతి మనకు మంచి బుద్ధి నేర్పింది: మాటనూ ముద్రనూ ఒకే గంపలో పెట్టొద్దు. ఒక నంబరు, రెండు పరికరాల పద్ధతి మంచి నేర్పు చూపింది: మనిషి ఎక్కడున్నా, బలమైన రేడియో అతని పిలుపును మోయాలి. సిమ్ యాక్సెస్ వీటికి మూడోది కలిపింది: యజమాని బండి దిగితే నంబరూ దిగిపోవాలి. మన పద్ధతి ఈ మూడింటినీ కలుపుకోవాలి.

అందుకు కావలసినవి ఇవి. బండికి పంచే నంబరు మాట మాత్రమే మోయాలి. ఓటీపీ, బ్యాంకు ఎస్సెమ్మెస్, ధ్రువీకరణ కాల్ ఏదీ కారుకు చేరకూడదు. ఎస్సెమ్మెస్ వరకు ఆ వీలు జర్మన్ మల్టీ కార్డుల్లో ఎప్పటి నుంచో ఉంది. యజమాని చేతిఫోను కారు దగ్గర లేకపోతే కారు మోగకూడదు. ఇంట్లో మరిచిపోయి వచ్చినప్పుడు కావాలంటే ఆ రోజుకు ఆయనే అనుమతి ఇచ్చుకోవాలి. అద్దె బండికి, డ్రైవర్ నడిపే సరుకు బండికి డ్రైవర్ నంబరు ఎక్కాలి, బండి అమ్మిన రోజే పాత నంబరు రద్దు కావాలి. ఘాట్‌లో బండి కదులుతున్నంత సేపు పిలుపును ఆపి, కబురు చెప్పే పని కారుకు అప్పగించాలి. వీటిలో చాలావరకు కొత్త ఆవిష్కరణలు కావు. విడివిడిగా ఎక్కడో ఒకచోట ఉన్నవే, చేతనవుతుందని తేలినవే.

వీటిని ఒకచోట చేర్చే బాధ్యత టెలికాం శాఖదీ, ట్రాయ్‌దీ, కార్ల కంపెనీలదీ. అడిగే బాధ్యత మనది. కారు కొనేటప్పుడు మైలేజీ, సన్‌రూఫ్, టచ్‌స్క్రీన్ గురించి అడిగినట్టే, "ఈ పైకప్పు మీది యాంటెన్నా నా నంబరుకు పనికొస్తుందా? నేను దిగాక నా నంబరు ఇందులో మిగులుతుందా?" అని షోరూములో అడగాలి. మొదటి ప్రశ్నకు అవునని, రెండో ప్రశ్నకు కాదని జవాబు వచ్చే కారు మన రోడ్ల మీద ఎప్పుడు తిరుగుతుందో, ఒక నంబరును రెండు ఫోన్లు పంచుకోవడానికి అప్పుడే మనం నిశ్చింతగా ఒప్పుకోవచ్చు.